కొట్టేసిన వాక్యం

మందు చుక్క కంట్లో పడగానే ముందు చల్లగా ఉంటుంది, తర్వాత మండుతుంది, ఆ తర్వాత ఎదురుగా ఉన్న గోడ నెమ్మదిగా కరగడం మొదలుపెడుతుంది. "కళ్ళు మూసుకుని కూర్చోండి పెద్దమ్మా, గంట పడుతుంది, మధ్యలో ఇంకో రెండుసార్లు వేస్తాను" అని నర్సు పక్క కుర్చీకి జరిగింది. "కౌంటర్లో చీటీ రాయించుకుని ఇప్పుడే వస్తా, ఇక్కడే ఉండండి" అని మనవరాలు కూడా వెళ్ళింది. ఇప్పుడే వస్తా. ఈ రెండు ముక్కలు చెవిన పడితే చాలు, ముసలామె గుండె ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఆమె ఒళ్ళో సంచి ఉందా అని తడుముకుంది. ఉంది. తాళంచెవి ఉంది. గ్యాసు కట్టేశామా, కట్టేశాం, కట్టేసి మళ్ళీ చూశాం. వరండా ఎంత పొడుగు ఉంటుంది, కౌంటరు దగ్గర ఎంతమంది నిలబడి ఉంటారు, పిల్ల తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు. అమ్మ ఆమెని తొమ్మిదేళ్ళప్పుడు బైండింగు షాపు గుమ్మంలో దింపి ఇప్పుడే వస్తానని వెళ్ళింది, వచ్చేసరికి మూడేళ్ళయింది, అదీ చంకలో వేరే పిల్లతో. మొగుడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఇప్పుడే వస్తానని బయటికి వెళ్ళినవాడు, ఆస్పత్రి బండిలో ఇంటికి వచ్చాడు. కూతురు అయితే ఆ మాట కూడా అనలేదు, జ్వరంలో గోడ వైపు తిరిగి పడుకుంది, అంతే. అందుకని ఎవరు గడప దాటినా మళ్ళీ ఎప్పుడు, ఎన్నింటికి, ఏ దారిన అని అడుగుతుంది, అడిగించుకున్నవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కుంటూ అయినా చెప్పి వెళ్తే ఆమెకి ప్రాణం కుదుటపడుతుంది.

ఆ షాపులో ఆమెకి పడ్డ పేరు మడతమ్మ. అసలు పేరు జీతాల పుస్తకంలో కూడా లేదు. అచ్చుపడిన కాగితం దుప్పటంత వచ్చేది, ఒక్కోదాని మీద పదహారు పేజీలు, ఎనిమిది ఇటు, ఎనిమిది అటు, సగం నిటారుగా, సగం తలకిందులుగా. దాన్ని ఫారం అనేవాళ్ళు. మూడు మడతలు సరిగ్గా పెడితే ఆ పదహారూ బుద్ధిగా వరసలోకి వచ్చి నిలబడేవి. రోజంతా అదే పని, మడత, గోటితో నొక్కు, మడత. కుట్లు వేసే అక్క ఒకామె అక్షరాలు చెప్పింది, మిగతాది ఫారాలే నేర్పాయి. తలకిందుల అక్షరాలు కూడా తిన్నగా చదివేసేది. మడవమంటే చదువుతావేంటే, అని యజమాని కసురుకునేవాడు. ఒక ఫారమే ఆమె చేతికి వచ్చేది గనక ఏ కథకీ మొదలూ చివరా తెలిసేవి కావు, రాజుగారు అప్పటికే కోపంగా ఉండేవాడు, పెళ్ళికూతురు అప్పటికే ఏడుస్తూ ఉండేది. అలా ఒక ఫారం అడుగున, పదహారో పేజీ చివరి వరసలో, అతను ఆమెకి చెప్పిన చివరి వీడ్కో, అని ఉంది. ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే సాయంత్రం దాకా నోట్లో పెట్టుకుని తిరిగింది. విడిపోవడాన్ని వీడ్కో అంటారన్నమాట. మిగిలిన అక్షరం తర్వాతి ఫారంలో ఉంది, అది వేరే పిల్ల మడిచింది.

చెడిపోయిన ఫారాలు, ఒకవైపే అచ్చుపడినవి, యజమాని పొయ్యిలోకి తీసుకుపొమ్మనేవాడు. ఆమె ఇంటికి తెచ్చి, మడిచి, కుట్టి, జిగురు పెట్టి, అట్ట వేసి, వీపుకి గుడ్డ అంటించి పుస్తకాలు చేసుకుంది. ఖాళీగా ఉన్న వైపుల్లో రాసేది. అన్నీ రాయలేదు, ఎవరైనా వెళ్ళిపోయినప్పుడే రాసింది. వచ్చినవాళ్ళ గురించి రాయడానికి ఏముంటుంది, వాళ్ళు ఎదురుగానే ఉంటారు కదా. పేజీ చివర ఇది వీడ్కో అని రాసి గీత గీసేది. పుస్తకం మూసి బరువు పెట్టేది, జిగురు ఆరేదాకా పెట్టినట్టే. బరువు పెడితే ఏదైనా చదునవుతుంది.

పక్కన కుర్చీలు కదిలాయి. ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు, ఒకరి గొంతు బొంగురు, ఒకరిది గలగల. బొంగురు గొంతు అక్క, ఆమె కళ్ళలోనూ చుక్కలు పడ్డాయి. గలగల గొంతు చెల్లెలు, తోడు వచ్చింది.

"ఏమే, నువ్వు కనిపించడం లేదు నాకు. పొగలాగా ఉన్నావు."

"ఎప్పుడు కనిపించాను నీకు. చుక్కల మీద పెట్టకు."

"సరేలే, ఆ ఫోను తీసి ఏదన్నా చదువు. గంటసేపు నీ మొహం చూస్తూ కూర్చోవడమా అంటే, అదీ కనపడి చావదు."

"వీడ్కో చదవనా? ఇవాళ్టిది పొద్దున్నే పెట్టారు."

ముందు ముసలామె ఒళ్ళు అర్థం చేసుకుంది, బుర్రకి తర్వాత తెలిసింది. చేతులు సంచి పిడిని బిగించి పట్టుకున్నాయి. ఆ మాట ఈ లోకంలో ఎవరి నోటా రాదు. అది మాట కాదు, మాటలో తెగిన ముక్క. పొరపాటు విన్నానేమో, వీడికో అందేమో, వాడికో అందేమో. చెల్లెలు గొంతు సవరించుకుని చదివింది. కుట్లక్క పని మానేసింది. కుట్టే మిషను వచ్చింది కాబట్టి రేపటి నుంచి రావద్దన్నారు. తన సూదిని నా చేతిలో పెట్టింది. రేపు ఈ మిషనునీ మానిపిస్తే దాని సూది ఎవరికిస్తారో అంది. నవ్వుతూనే అంది. ఇది వీడ్కో.

సూదిని నా చేతిలో పెట్టింది. చేతిలో అని రాసి, అరచేతిలో అని మార్చాలనుకుని, మార్చలేదు, అది కూడా గుర్తుంది. ఆ పేజీ మీద జిగురు మరక ఉంది. చెల్లెలు మరకని చదవలేదు.

"ఎవరిదే ఇది, ఇలా గుండె పట్టేస్తుంది," అంది అక్క.

"ఎవరో ముసలావిడ రాసి పెట్టుకుందట. మనవరాలు నెట్లో రోజుకొకటి పెడుతోంది. ఎంతమంది చదువుతున్నారో తెలుసా. కింద జనాలు వాళ్ళ వాళ్ళ వీడ్కోలు రాస్తున్నారు. ఒకాయన అయితే తన కుక్క వీడ్కో రాశాడు. ఆ కుక్క పక్కింటివాళ్ళ దగ్గరికి మకాం మార్చిందట."

"ముసలావిడ ఉందా, పోయిందా?"

"పోయే ఉంటుంది. బతికుంటే ఎవరన్నా ఒప్పుకుంటారా ఇలా పెట్టడానికి."

నర్సు వచ్చి రెప్ప పైకెత్తి మళ్ళీ చుక్కలు వేసింది. నీళ్ళు చెంపల మీదికి కారాయి. తుడుచుకోవద్దన్నారు కాబట్టి తుడుచుకోలేదు, చుక్కలవే అనుకుంటారు ఎవరైనా. పోయే ఉంటుంది. ఇంత తేలిగ్గా తన చావు కబురు తను వింటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఎలా ఇచ్చింది తను. ఇవ్వలేదు, ఇచ్చిందా. చూపు మందగించాక తన రాత తనకే చీమలబారులా కనిపించింది. అప్పుడు మనవరాలే అంది, నేను చదివి వినిపిస్తా అమ్మమ్మా, నీ రాత నీకు వినబడితే చాలదా. పిల్లకి అదే ఉద్యోగం, ఎవరెవరో మాట్లాడిన రికార్డులు చెవుల్లో పెట్టుకుని విని, దగ్గులు కూడా వదలకుండా టైపు కొడుతుంది. సాయంత్రాలు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని చదివేది. మొదటిసారి వీడ్కో దగ్గర ఆగి, అమ్మమ్మా, అది వీడ్కోలు, లు ఏమైంది, అని నవ్వింది. పక్క ఫారంలో ఉండిపోయింది, అని ఆమె చెప్పింది. అయినా తప్పేముంది, ఒకటైతే వీడ్కో, ఎక్కువైతే వీడ్కోలు, అంతే కదా లెక్క. పిల్ల నవ్వి నవ్వి మంచం మీదికి దొర్లింది. ఆ నవ్వు చూసి, కాదు, చూడలేదు, విని, ఆమెకి తన ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టు అయింది. మనసులో మాట ఇంకో మనిషి నోట్లోంచి తిరిగి వస్తుంటే అంత చనువుగా ఉంటుందని డెబ్భై ఏళ్ళు దాటాక తెలిసింది. ఆ చనువునే కదా పిల్ల తీసుకెళ్ళి బజారులో పెట్టింది. గొంతు మార్చకుండా ఇటు తనకి చదువుతూ, అటు వేళ్ళతో లోకానికి చదువుతూ. పుస్తకం ఎక్కడుందో అక్కడే ఉంది, దుమ్ము కూడా కదల్లేదు, అయినా దొంగతనం జరిగిపోయింది. వస్తువు పోకుండా జరిగే దొంగతనాలు వచ్చాయి ఇప్పుడు. ఏ పోలీసుకి చెప్పాలి, ఏమి పోయిందని చెప్పాలి.

మూడో పుస్తకం మాత్రం వద్దు, అని చెప్పింది. ఆ ఒక్కటి పెట్టె అడుగున, కూతురి పాత చీర కింద ఉంది. ఎందుకు వద్దు అని పిల్ల అడగలేదు, సరే అంది. ఆ సరే దగ్గరే అనుమానపడాల్సింది. చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఎందుకు అనే పిల్ల, ఆకాశం ఎందుకు, చెప్పులు ఎందుకు, నాన్న ఎందుకు రాడు అనే పిల్ల. ఆ చివరిదానికి ఆమె ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేది. మీ నాన్న పని వెతుక్కుంటూ వెళ్ళాడమ్మా, మళ్ళీ రాలేదు. రోజూ చెప్పేది. చెప్పి చెప్పి ఆ వాక్యానికి గోటితో నొక్కిన మడతంత పదును వచ్చింది.

అడగాలి. అడగకపోతే ఈ గంట గడవదు.

"అమ్మాయ్," అంది గలగల గొంతు వైపు తిరిగి, "అందులో గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి గురించి ఏమన్నా వచ్చిందా?"

"అల్లుడా? అయ్యో, వచ్చింది కదా. మొన్న పొద్దున పెట్టారు. మీరూ చదువుతారా బామ్మగారూ?"

"వింటాను."

"నేను వినలేదే అది," అంది అక్క. "మొన్న నన్ను వదిలేసి ఒక్కదానివే చదువుకున్నావా. చదువు."

చెల్లెలు వేలితో వెనక్కి జరుపుతున్న చప్పుడు కూడా లేదు. కాగితమైతే తిప్పేటప్పుడు తెలుస్తుంది, వద్దు అనడానికి ఒక క్షణం ఉంటుంది. ఇందులో లేదు. అప్పుడే మొదలైపోయింది. ఈ రోజు అల్లుడు వచ్చాడు. చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. పిల్లని చూసి వెళ్తానన్నాడు. పిల్ల ఇక్కడ లేదు, మా చెల్లెలి దగ్గర పెరుగుతోంది అన్నాను. లోపల పిల్ల నిద్రపోతోంది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అతను నమ్మాడు. చివరి మెట్టు దాకా చూశాను. నాకు సంతోషం వేసింది. ఇది వీడ్కో.

నాకు సంతోషం వేసింది. ఆ వాక్యం లేదు. ఆ వాక్యం ఆమె ఆ సాయంత్రమే కొట్టేసింది, ఒకసారి కాదు, అడ్డంగా, ఏటవాలుగా, కలం ముక్కు విరిగేదాకా, కాగితం వెనకవైపు ఉబ్బేదాకా. అది చదవాలంటే పేజీని దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకోవాలి, ఇటూ అటూ వంచాలి, గీతల కింద ఏ గుణింతం ఉందో ఒక్కొక్కటీ ఏరుకోవాలి. పిల్ల అంత పనీ చేసింది. దగ్గులు కూడా వదలని పిల్ల. చేసి, ఆ గీతల్ని మాత్రం వదిలేసి, మాటని కడిగి, మిగతా మాటల పక్కన అదే సైజులో, అదే నలుపులో నిలబెట్టింది. ఫోనులో కొట్టివేతలు ఉండవు. వణికిన చెయ్యి ఉండదు, ఆగిపోయిన చోట సిరా మడుగు కట్టడం ఉండదు. అన్న మాటా, అనకూడదని నోరు మూసుకున్న మాటా ఒకే వరసలో కూర్చుంటాయి. ఆమె చెయ్యి ఒకసారి రాసింది నిజమే, కానీ పదిసార్లు కొట్టేసింది. పదిసార్లు అన్నది ఎవరికీ అక్కర్లేదు.

"రాక్షసి," అంది అక్క.

"జనాలూ అదే రాశారు. కొందరు పాపం అన్నారు. ఒకావిడ, నేనైనా అదే చేసేదాన్ని, కూతురు పోయింది, ఈ పిల్ల కూడా పోతే ఆవిడకి ఎవరున్నారు, అంది. దాని మీద రెండు రోజులు కొట్టుకున్నారు."

"మనవరాలు ఏమంది?"

"ఏమీ అనదు. పెట్టి ఊరుకుంటుంది. అదే చూడు నాకు గమ్మత్తు. తన సంగతే కదా అది, ఒక్క ముక్క రాయదు."

మొన్న పొద్దున. మొన్న పొద్దున ఏం జరిగింది. నీళ్ళు కాచింది పిల్ల. తల దువ్వింది తనకి. చిక్కు దగ్గర నెమ్మదిగానే తీసింది. మాత్ర వేసుకోండి, అంది. వేసుకోండి. అక్కడ ఆగింది ముసలామె. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నువ్వు, నీ మొహం, ఏమే అమ్మమ్మా అని కూడా పిలిచిన పిల్ల మొన్నటి నుంచి మీరు అంటోంది. తిన్నారా, జాగ్రత్త, మెట్టుంది చూసుకోండి. ఆఫీసులో పెద్ద పెద్దవాళ్ళతో మాట్లాడి మాట్లాడి అలవాటైందేమో అనుకుంది, పిల్ల ఎదిగిందని లోపల కాస్త మురిసింది కూడా. మురిసింది. ఒకే గదిలో ఉంటూ ఆ పిల్ల తనని వదిలి వెళ్ళిపోయింది, గడప దాటకుండా, ఇప్పుడే వస్తా అనకుండా, ఒక్క మాట మార్చి వెళ్ళిపోయింది. తన పుస్తకాల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు. కొట్టి ఉంటే బాగుండేది. పుస్తకం మొహాన విసిరి, ఎందుకు చేశావే అని అరిచి ఉంటే బాగుండేది. తనని ఒక్కదాన్ని అడగాల్సిన మాట ఊరందరినీ అడిగింది, అదీ తన చేతిరాతతోనే, తను చచ్చిపోయిందని అందరూ అనుకునేలా. ఇంటి మనిషి, తన వేళ్ళు పట్టుకుని నడక నేర్చుకున్న మనిషి. మరి తను ఏం చేసింది, ఆ పిల్లకి ఒక్కదానికి చెప్పాల్సిన మాట చెడిపోయిన కాగితాలకి చెప్పుకుంది. కాదు, అది వేరు. కాగితం నమ్మకంగా ఉంటుందని చెప్పుకుంది. అది వేరు. వేరు అని ఎంతసేపు అనుకున్నా ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి, విడదీయడం ఆమె వల్ల కావడం లేదు.

మూడోసారి చుక్కలు పడ్డాయి. ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ లేదు, కిటికీ ఒక తెల్లటి మరక, మనుషులు నీళ్ళలో నిలబడ్డ చెట్లు. ఈ వెలుతురులో ఆమెకి ఒక్కటే తేటగా కనిపించింది, అల్లుడి చెయ్యి. నమ్మి మెట్లు దిగాడు అని రాసింది. దిగే ముందు ఒక పని చేశాడు, అది రాయలేదు. చిరిగిన చొక్కా జేబులోంచి మడిచిన కాగితం తీసి, మీ చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు పిల్లకి ఇవ్వండి, పెద్దయ్యాక చదువుకుంటుంది, అన్నాడు. మడత సరిగ్గా రాలేదు, అంచులు కలవలేదు. ఆమె తీసుకుంది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుంది. కాల్చలేకపోయింది. ఇవ్వలేకపోయింది. అప్పటికి మూడో పుస్తకం ఇంకా కుట్టి మాత్రమే ఉంది, వెనక అట్ట వెయ్యలేదు. అట్ట కోసింది, లోపలి వైపు ఆ కాగితాన్ని పెట్టింది, దాని మీద తెల్ల కాగితం కప్పి నాలుగు అంచులా జిగురు పూసింది, బరువు పెట్టింది. తెల్లారేసరికి చదునైంది. చేత్తో తడిమితే చిన్న ఉబ్బు తెలుస్తుంది, తెలిసినవాళ్ళకి. జీవితమంతా మడతలతో బతికిన మనిషి, ఆ ఒక్క మడత విప్పలేదు. అందులో ఏముందో, ఊరి పేరే ఉందో, తిట్లే ఉన్నాయో, రెండు అక్షరాలే ఉన్నాయో ఆమెకి తెలియదు. ఎన్ని పేజీలు దీపానికి ఎత్తి పట్టినా పిల్లకి అది దొరకదు. అట్టని ఎవరూ టైపు కొట్టరు.

ఈ ఒక్కటీ తనది. ఇంటికి వెళ్ళగానే పిల్ల ఆఫీసుకి పోతుంది, అప్పుడు తీసి చింపేయవచ్చు. చూపు లేకపోయినా చింపడం వేళ్ళకి వచ్చు. చింపేస్తే ఇక తన దగ్గర దోచుకోవడానికి ఏమీ మిగలదు, ఊళ్ళోవాళ్ళు ఎంత కొట్టుకున్నా. ఈ మాట అనుకున్నప్పుడు ఆమె గుండెకి కాస్త నిబ్బరం కలిగింది. వెంటనే ఆ నిబ్బరం ఎక్కడో ఎరిగినదే అనిపించింది. చివరి మెట్టు దాకా చూసినప్పుడు కలిగింది కూడా అదే.

అడుగులు వచ్చాయి. పిల్ల అడుగులు ఆమె వెయ్యి అడుగుల్లో పోల్చుకుంటుంది, కుడికాలు కాస్త ఈడుస్తుంది.

"పిలుస్తున్నారు. లేవండి."

"మీ మనవరాలా బామ్మగారూ? ఎంత ఓపికగా తీసుకొచ్చిందో," అంది చెల్లెలు. "ఈ రోజుల్లో ఎవరున్నారండీ ఇలా."

పిల్ల దగ్గరికి వచ్చింది. ఎదురుగా పొడుగ్గా నల్లటి నీడ, మధ్యలో నీడ చేతిలో తెల్లటి ముక్క. డాక్టరు చీటీ కావచ్చు. వెలుగుతూ మాటలు రికార్డు చేసుకుంటున్న ఫోను కావచ్చు. పిల్లకి వినడమే ఉద్యోగం. ముసలామె కళ్ళు చిట్లించింది, తెల్లటి ముక్క ఇంకా పెద్దదయి అంచులు పోగొట్టుకుంది తప్ప అదేమిటో తేలలేదు.

"ఒక్క నిమిషం కూర్చో."

"డాక్టరు లోపల ఎదురుచూస్తున్నారు."

"చూడనీ. మూడో పుస్తకం నువ్వు తీశావు. తీసిన సంగతి నాకు తెలిసింది. దాని గురించి తర్వాత తిట్టుకుందాం, నేను నిన్ను, నువ్వు నన్ను, తీరిగ్గా. ముందు ఇది విను. ఆ పుస్తకంలో రాయనిది ఒకటుంది."

కుర్చీ కిర్రుమంది, పిల్ల కూర్చుంది. పక్కన అక్కాచెల్లెళ్ళ మాటలు ఆగిపోయాయి. వాళ్ళు వింటారు. సాయంత్రానికి ఊరంతా వింటుంది కాబోలు. రేపు పొద్దున ఎవరో ఎవరికో చదివి వినిపిస్తారు. ఆ తెల్లటి ముక్క పిల్ల ఒళ్ళో ఉంది, కదలడం లేదు. అది ఏమిటో అడిగితే పిల్ల నిజమే చెప్పేది. ఆమె అడగలేదు.

"వెనక అట్ట లోపలి వైపు చేత్తో తడిమి చూడు, ఒక చోట ఉబ్బుంటుంది. నిన్ను చూడకుండా పంపేసిన రోజు మీ నాన్న నీకిమ్మని ఇచ్చిన కాగితం అది. నేను చదవలేదు."

లోపలి నుంచి నర్సు రెండోసారి పిలిచింది. పిల్ల లేవలేదు.

"ఎలా తీయాలి?" అంది. ఆ గొంతులో ఏముందో ఆమె పోల్చుకోలేకపోయింది.

"తడిగుడ్డ పరిచి పావుగంట ఉంచు. జిగురు దానంతట అదే వదులుతుంది, గోటితో గీకకు," అంది ఆమె. "గుడ్డ బాగా పిండాలి సుమా. నీళ్ళెక్కువైతే సిరా కరిగిపోతుంది."